చాప ఎవరిది? కాగితం ఎవరిది?

(సోమందేపల్లెలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి పక్కన పోయే రోడ్డు సంగతితో మొదలుపెడతాం. మొన్నటిదాకా అది ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నలభై నాలుగు. దీని మీద దక్షిణానికి పోతే బెంగుళూరు. మన మండలాల పిల్లలు కూలికీ, సెక్యూరిటీ గార్డు పనికీ, కాస్త చదువుకుంటే కాల్‌సెంటర్‌కూ పోయే దారి అది. ఉత్తరానికి పోతే పెనుకొండ, అనంతపురం, కర్నూలు, హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాదు. ఏడువందల కిలోమీటర్ల పైమాటే. ఆ చివర ఏం జరుగుతోందో మనకు పెద్దగా పట్టదు. కరువు సీమవాళ్లం, మన గొడవలే మనకు చాలు.

నిర్వాహకులు మాకిచ్చిన విషయం పెద్దది. జాతుల మధ్య తగాదా వస్తే స్థానిక సంస్కృతినీ బయటి సాయాన్నీ కలిపి ఎట్లా తీర్చుకోవాలి అని. సెమినార్లలో ఇట్లాంటి విషయాలకు రువాండా, బోస్నియా కథలు చెప్పి పంపిస్తారు. మేం అంత దూరం పోకుండా ఇదే రోడ్డు మీద ఆదిలాబాదు దాకా పోతాం. అక్కడ గోండులకూ లంబాడాలకూ నడుస్తున్న తగాదా తెలుగు నేల మీద ఈ కాలంలో వచ్చిన అసలైన జాతుల తగాదా. ఈ హాల్లో కూర్చున్న తండాల పిల్లలకు అది పరాయి సంగతి కూడా కాదు. అక్కడ లంబాడాలంటే ఇక్కడ సుగాలీలే. భాష ఒకటే. సేవాలాల్ మహరాజ్ మన గుత్తి ప్రాంతంలోనే పుట్టాడని నమ్మే బంజారాలు సేవాగఢ్‌కు ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

2017 చివర్లో ఉట్నూరు ఏజెన్సీలో ఏం జరిగిందో గుర్తుచేస్తాం. లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని ఆదివాసీలు లేచారు. గూడేల్లోని బడులకు లంబాడా టీచర్లను రానివ్వలేదు. డిసెంబరు వచ్చేసరికి రాళ్లు, కట్టెలు, నిప్పు. 144 సెక్షన్ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు, అధికారులను బదిలీ చేశారు. అంతకుముందు ఒకే సంతలో బేరమాడుకున్నవాళ్లు, ఒకే హాస్టల్లో చదువుకున్న పిల్లలు ఒకరి ఊరికి ఇంకొకరు పోలేని స్థితి వచ్చింది.

ఆ రోజుల్లో మేం ఒక దినపత్రిక డెస్కు మీద ఉన్నాం. పేరెందుకు గానీ, ఏ పత్రికైనా ఆ వారం చేసింది ఒకటే. ఎడమ కాలంలో ఆదివాసీ సంఘాల ప్రకటన, కుడి కాలంలో లంబాడా సంఘాల ప్రకటన, పైన 'గిరిజనుల మధ్య చిచ్చు' అని హెడ్డింగు. చిచ్చు పెట్టిందెవరో రాయలేదు. ఎన్ని ఎకరాలు, ఎవరి పట్టా, ఎవరి సాగు అని ఒక్క రిపోర్టరును కూడా అడగలేదు. ఉద్యమాల్లో జెండా పట్టి తిరిగినవాళ్లం, అస్తిత్వం గురించి పేజీలు నింపినవాళ్లం, రెండు అస్తిత్వాలు ఎదురెదురుగా నిలబడితే మా పెన్ను కదల్లేదు. ఆ సిగ్గే ఈ ప్రసంగానికి కారణమనుకోండి.

తగాదా మూలం ఎక్కడుంది? మన దగ్గర సుగాలీలు 1976కు ముందే ఎస్టీలు. తెలంగాణలో అప్పటికి కాదు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో ఆ ప్రాంతపు గీత చెరిగిపోయి తెలంగాణ లంబాడాలు కూడా ఎస్టీలయ్యారు. మహారాష్ట్రలో బంజారాలు ఎస్టీలు కారు. మనకు దగ్గర్లోనే చూడండి, సరిహద్దు దాటి పావగడకో గౌరిబిదనూరుకో పోతే అదే లంబాణీ మనిషి ఎస్సీ. గీతకు ఇటు ఒక కులం కాగితం, అటు ఇంకొకటి. అక్కాచెల్లెళ్లు రెండు ఊళ్లలో కాపురాలు చేస్తే వాళ్ల పిల్లలకు రెండు రకాల సర్టిఫికెట్లు. మన సుగాలీ కుటుంబాలకు ఇది కొత్త కాదు.

ఆదిలాబాదులో ఈ కాగితం భూమితో ముడిపడింది. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనరాదని 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని గట్టిచేసిన 1970 నాటి ఒకటి ఆఫ్ డెబ్బై చెబుతున్నాయి. మహారాష్ట్ర వైపు నుంచి వలస వచ్చిన బంజారా కుటుంబం నిన్నటిదాకా ఆ చట్టం దృష్టిలో బయటి మనిషి. 1976 సవరణ అమల్లోకి వచ్చిన మరునాడు లోపలి మనిషి. గోండుకు రక్షణగా కట్టిన గోడ అట్లాగే ఉంది, గోండు ఎవరి నుంచి రక్షణ కోరాడో వాళ్లు గోడ లోపలికి వచ్చారు. గోండులు చెప్పే మాట ఇది. తర్వాత చదువులో, ఉద్యోగాల్లో కూడా లంబాడాలు ముందుకు పోయారు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతపు ఎస్టీల్లో సగానికంటే ఎక్కువ వాళ్లే.

లంబాడాలు చెప్పేది కూడా వినాలి. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి బతికిన జాతి. రైలు వచ్చి ఆ బతుకును తుడిచేసింది. 1871లో తెల్లవాడు నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు, ఎన్నో సంచార జాతుల్లాగే బంజారాలకూ ఆ ముద్ర పడింది. నిలవడానికి నేల లేనివాళ్లు అడవి అంచున గుడిసెలు వేసుకున్నారు. "మేం దొరలం కాదు, దొర తరిమితే వచ్చినవాళ్లం" అంటారు. అదీ నిజమే. ఈ తగాదాలో రెండు పక్షాలూ నిజం చెబుతున్నాయి, చిక్కంతా అక్కడే.

ఇప్పుడు ఇంకా వెనక్కి పోదాం. 1940లో జోడేఘాట్ కొండల్లో కొమురం భీంను నిజాం పోలీసులు చంపారు. అడవి మాది, నేల మాది, నీళ్లు మావి అన్నందుకు. చంపిన తర్వాత సర్కారుకు భయం పట్టుకుంది. ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. దానికి దొరికిన మనిషి క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆస్ట్రియావాడు, మానవశాస్త్రవేత్త. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండడంతో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశ పౌరుడు. హైదరాబాదు రాజ్యం దాటి కదలనివ్వలేదు. ఒక రకంగా ఖైదీ. ఆ ఖైదీ తన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయి అనే గోండు ఊరికి పోయి అక్కడే గుడిసె వేసుకున్నాడు.

ఆయన చేసిన పని చూడండి. గోండి నేర్చుకున్నాడు. పటేలు ఇంటి ముందు పంచాయితీ ఎట్లా సాగుతుందో కూర్చుని చూశాడు. ఏ ఊళ్లో ఏ వడ్డీ వ్యాపారి ఎంత నేల మింగాడో, ఏ అటవీ చౌకీదారు ఏ గూడెం తగలబెట్టించాడో రాసి సర్కారు ముందు పెట్టాడు. మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ బడి పెట్టించాడు, గోండిలో వాచకాలు రాయించాడు. సేతుమాధవరావు పగ్డీ లాంటి అధికారి తోడయ్యాడు, ఆయనా గోండి నేర్చుకున్నవాడే. 1949 నాటికి ఆదిలాబాదు గిరిజనులకు దాదాపు 1,60,000 ఎకరాలకు పట్టాలు వచ్చాయి. 1946లో వచ్చిన ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ గిరిజన పంచాయితీలకు చట్టంలో చోటిచ్చింది. బయటివాడు వచ్చి కొత్త కోర్టు కట్టలేదు. అప్పటికే ఉన్న పంచాయితీకి సర్కారు ముద్ర తెచ్చిపెట్టాడు.

అన్నింటికంటే మాకు నచ్చిన పని ఇంకొకటి. కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఉంది. మెస్రం వంశంవాళ్లు కాలినడకన గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, పుష్య మాసపు అమావాస్య నాడు తమ నాగదేవతకు పూజ చేస్తారు. చుట్టూ ఉన్న గూడేలన్నీ కదిలివస్తాయి. భీంను చంపిన తర్వాత గోండులు ఏ కచేరీ మెట్టూ ఎక్కే స్థితిలో లేరు. పిలిస్తే రారు, పోతే పారిపోతారు. అప్పుడు హైమన్‌డార్ఫ్ సలహా మీద జాతరలో ఒక దర్బారు మొదలుపెట్టారు. వాళ్లు మన దగ్గరికి రావడం మానితే మనమే వాళ్ల దేవుడి దగ్గరికి పోదాం, అధికారి కింద కూర్చుని అర్జీ తీసుకుంటాడు అని. 1940లలో మొదలైన ఆ దర్బారు ఇప్పటికీ నడుస్తోంది. రాజ్యం మారింది, రాష్ట్రాలు రెండుసార్లు మారాయి, జిల్లా 2016లో నాలుగు ముక్కలైంది, దర్బారు మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదు? దాని తేదీ ఏ జీవోలోనూ లేదు, పంచాంగంలో ఉంది. అమావాస్యను ఏ ప్రభుత్వం రద్దు చేస్తుంది?

ఇక్కడ ఆగి పొగడ్త కట్టిపెడదాం. మార్లవాయిలో ఎలిజబెత్ సమాధి ఉంది, 1987లో ఆమె పోయాక అక్కడే పెట్టారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన చితాభస్మం కూడా ఆ తర్వాత అక్కడికే చేరింది. అంత ప్రేమ సంపాదించుకున్న మనిషి. అయినా ఆయన పరిచిన చాప మీద లంబాడాకు చోటు లేదు. 1970లలో మళ్లీ వచ్చి చూసి, 1982లో అచ్చయిన పుస్తకంలో బంజారాల రాక గోండుల నేలను ఎట్లా తింటోందో బాధగా రాశాడు. రాసింది తప్పని మేం అనం. కానీ తండాలో నాయక్, కార్‌బారి కూర్చుని తగాదాలు తీర్చే పద్ధతి కూడా ఒక సంస్కృతే కదా. గోండులకు రాయ్ సెంటర్ ఉంది, దానికి సార్మేడి ఉన్నాడు. తండాకు నాయక్ ఉన్నాడు. గోండుకూ గోండుకూ తగాదా వస్తే తీర్చే చోటుంది, లంబాడాకూ లంబాడాకూ వస్తే తీర్చే చోటుంది. గోండుకూ లంబాడాకూ వస్తే? ఆ చాప ఎప్పుడూ పరవలేదు. మధ్యలో పోలీస్ స్టేషన్, హైకోర్టు, సుప్రీంకోర్టు. 2017లో మండింది ఆ ఖాళీ జాగాలోనే.

మార్లవాయి పక్కనే జైనూరు ఉంది. 2024 ఆగస్టు చివర్లో అక్కడ ఒక ఆదివాసీ మహిళ మీద దాడి జరిగింది. నిందితుడు ముస్లిం కావడంతో దుకాణాలు తగలబడ్డాయి, మళ్లీ ఇంటర్నెట్ ఆగింది. ఒక మనిషి చేసిన నేరం ఒక బజారు నెత్తిన పడింది. ఆ సాయంత్రం రెండు జనాల పెద్దలూ కలిసి కూర్చోవడానికి అలవాటైన అరుగు ఒక్కటి ఉండి ఉంటే అనిపించింది మాకు.

కుదిరిన చోటు ఏదైనా ఉందా? ఉంది. పపువా న్యూగినీలో బోగన్‌విల్ అనే దీవి. పాంగునా రాగి గని పేరుతో 1988లో మొదలైన గొడవ దాదాపు పదేళ్ల యుద్ధమైంది. వేలమంది పోయారు. రాజధానితో యుద్ధం, దానిలోపల ఊరికీ ఊరికీ యుద్ధం. ఎన్నో ఒప్పందాలు విరిగాక 1997లో న్యూజిలాండ్‌వాళ్లు తమ బర్న్‌హామ్ సైనిక శిబిరంలో దీవి మనుషులను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టి, మాట్లాడుకోండని వాళ్లను వాళ్లకు వదిలారు. తర్వాత దీవికి పంపిన పర్యవేక్షకుల చేతుల్లో తుపాకుల్లేవు. ఫిజీ, వనువాటు నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. దీవిలో చాలా తెగలకు నేల తల్లి వైపు నుంచి వస్తుంది. నేల ఆడవాళ్లదైనప్పుడు వాళ్ల మాటకు బరువుంటుంది. తల్లులు అడవిలోకి పోయి కొడుకులను బయటికి పిలిచారు. ఊరూరా రాజీ జరిగింది వాళ్ల పద్ధతిలోనే. వక్క నమిలి, పంది మాంసం పంచుకుని, బాణాలు విరిచి. మనకు తాంబూలం ఎట్లాగో వాళ్లకు వక్క అట్లాగ. నోట్లో వక్క పెట్టుకున్నాక మాట తప్పితే ఊరు ఊరుకోదు.

ప్రత్యేక రాష్ట్రం కోరేవాళ్లు ఈ దీవి సంగతి కాస్త నిదానంగా చదవాలి. 2001లో అరావాలో శాంతి ఒప్పందం, 2005లో స్వయంపాలన ప్రభుత్వం, ఆయుధాల అప్పగింత, చివరికి 2019లో ఓటు. చెల్లిన ఓట్లలో 98.31 శాతం స్వాతంత్య్రానికే పడ్డాయి. ఆ తీర్పును అమలు చెయ్యడంలో మళ్లీ ఏళ్ల తరబడి బేరసారాలు. కానీ ఆ ఓటు దాకా పద్దెనిమిదేళ్లు యుద్ధం లేకుండా నడిచారు. ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన పూటకు స్వీట్లు, వెనక్కి పోయిన పూటకు బస్సుల అద్దాలు అనే లెక్కలో బతికిన మనకు పద్దెనిమిదేళ్ల ఓపిక వింతగానే ఉంటుంది.

ఇంతకీ మన సంగతి. స్థానిక సంస్కృతి అనగానే చప్పట్లు కొట్టకండి. ఫ్యాక్షన్ నాయకుడి అరుగు మీద జరిగిన పంచాయితీ కూడా మన స్థానిక సంస్కృతే. బలమున్నవాడి మాటే తీర్పు, ఒప్పుకోనివాడు ఊరు విడవాలి. ఎంతమంది తల్లుల కడుపుకోత ఆ అరుగు మీద నడిచిందో ఇక్కడ చెప్పనక్కర్లేదు. గూడెం పంచాయితీలోనూ తండా పంచాయితీలోనూ ఆడవాళ్ల గొంతు ఎంత వినబడుతుందో కూడా అడగాలి. బయటి సాయం అవసరం అక్కడే వస్తుంది. తీర్పు చెప్పడానికి బయటివాడు అక్కర్లేదు. అరుగు మీద బలవంతుడికీ బలహీనుడికీ మధ్య కాగితం పట్టుకుని కూర్చోవడానికి కావాలి.

అదే సీమలో పీర్ల చావిడి కూడా ఉంది. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి మొహర్రంలో పోయి చూడండి. పీరు ఎదుట ఎవరు హిందువో ఎవరు తురకవారో వెతుక్కోవాలి. అగ్నిగుండం తొక్కేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. పెనుకొండ బాబయ్య దర్గా మీకు కూతవేటు దూరం. పెద్ద మాటలు చెప్పకుండా మనవాళ్లు ఏటా ఒక తేదీకి పక్కపక్కన నిలబడే అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు మీద ఇంతవరకూ ఎవరూ ఏ కాగితమూ పెట్టలేదు, అది వేరే సంగతి.

కాగితం ఉండి చాప లేకపోతే ఏమవుతుందో సీమవాళ్లకు చెప్పాలా? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో రాసుకున్నదే శ్రీబాగ్ ఒడంబడిక. తుంగభద్ర, కృష్ణ నీళ్లలో సీమకు ముందు వాటా, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధానో హైకోర్టో ఒకటి మీదే. చక్కగా రాశారు. రాసినవాళ్లు పెద్దమనుషులే. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే 1956లో అది హైదరాబాదుకు లేచిపోయింది. అడిగేదెవరు? ఏటా ఒక తేదీకి రెండు ప్రాంతాల పెద్దలూ కూర్చుని ఏం అమలైంది, ఏం కాలేదు అని చదువుకునే చోటు ఆ కాగితంలో లేదు. 2010లో శ్రీకృష్ణ కమిటీ వచ్చింది. జిల్లాలు తిరిగి, విని, ఆరు మార్గాలు రాసిచ్చి పోయింది. రాసిన తర్వాత ఎవరితోనైనా కూర్చుందా? బయటి సాయం అంటే మనకు ఇంతవరకూ విమానం దిగి విమానం ఎక్కడమే.

అందుకని ఆదిలాబాదు గురించి మేం అనుకునేది ఇది, మీరు తప్పంటే సరిదిద్దండి. జాబితా నుంచి తీసెయ్యాలా వద్దా అన్నది ఢిల్లీలో తేలాల్సిన మాట. అది తేలేదాకా ఊరూ ఊరూ కాచుకుని కూర్చుంటే రాళ్లే మిగులుతాయి. రాయ్ సెంటర్ సార్మేడి, తండా నాయక్ ఒక చాప మీద కూర్చుని, 1940ల నాటి పట్టా ఎవరిది, ఇప్పుడు దున్నేదెవరు అని ఊరివారీగా చదవాలి. రెవెన్యూ రికార్డు తెచ్చి గోండిలోనూ లంబాడీలోనూ వినిపించే పని బయటివాళ్లది. ఐటీడీఏ కానీ, విశ్వవిద్యాలయం కానీ, రిటైరైన న్యాయమూర్తి కానీ. రెండు వైపుల ఆడవాళ్లు ఆ చాప మీద ఉండాలి, ఇది బయటివాళ్లు పెట్టాల్సిన షరతు. ఉద్యోగాల వాటా మాట వస్తే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణకు దారి తెరిచింది. మాదిగ దండోరా 1994 నుంచి కొట్టిన డప్పుకు వచ్చిన జవాబు అది. ఎస్టీల్లో వాటాల పంపకం ఆ దారిలో ఆలోచించవచ్చని మా అభిప్రాయం. తీసెయ్యడానికీ, ఉన్నదున్నట్టు ఉంచడానికీ మధ్య జాగా ఉంది. ఇక్కడున్న సుగాలీ విద్యార్థులకు ఈ మాట చేదుగా ఉండొచ్చు. ముందు వరుసలో ఒక తమ్ముడు తల అడ్డంగా ఊపుతున్నాడు, చూస్తున్నాం. సభ కాగానే మైకు నీకే ఇస్తాం తమ్ముడూ, ఆపకుండా మాట్లాడు.

ఇక ఒక పని మిగిలింది. వచ్చే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ పోవాలని అనుకుంటున్నాం. హైదరాబాదు దాకా ఇక్కడే రోడ్డు మీద బస్సు ఎక్కొచ్చు, అక్కడి నుంచి ఆదిలాబాదు బస్సులో పోయి గుడిహత్నూరులో దిగి ఉట్నూరు వైపు మారాలి. జాతర ఒక రోజు, దర్బారు ఒక రోజు. మూడో రోజు ఉట్నూరు పక్కన ఒక తండాలో ఉంటాం, భోజనం వాళ్లింట్లోనే. మన తండాల నుంచి గోర్‌బోలి వచ్చినవాళ్లు ఇద్దరైనా రావాలి, మాకు ఆ భాష రాదు. కంబళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి, ఆ నెలలో అక్కడ చలి మన చలి లాగా ఉండదు. పేర్లు బయట బల్ల దగ్గర రాసుకుంటున్నారు.